పద్మనాభం వైపు ఎర్రమట్టి, పాత పెంకు, తాటి దూలాలతో తోట ఇల్లు: ఏది ఆగుతుంది, ఎంత సామాను పడుతుంది

మీరడిగింది ఇదీ. విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో పాతిక సెంట్ల తోట ఉంది. అందులో 30 × 20 అడుగుల కొలతలో, అంటే 600 చదరపు అడుగుల్లో, ముందు అరుగుతో ఇల్లు కట్టుకుని శని, ఆదివారాలు ఉండాలని ఆలోచన. గోడలకు తోటలోని ఎర్రమట్టి, పునాదికి దగ్గర్లోని క్వారీ రాయి, కప్పుకు పాత బెంగుళూరు పెంకులు, తాటి వాసాలు, గుమ్మాలకు విశాఖ వన్‌టౌన్‌లో కూల్చిన ఇంటి టేకు తలుపులు వాడదామనుకుంటున్నారు. మేస్త్రీలేమో మట్టిల్లు తుపానుకి ఆగదు, పిల్లర్లు లేపి స్లాబు వేసేయమంటున్నారు.

ఆగుతుంది. కాకపోతే ఆపేది మట్టి కాదు, అతుకులు. మన తీరంలో తుపానుకి గోడ మొదట పడదు. ముందు కప్పు లేస్తుంది, లేచిన కప్పులోంచి పడిన వాన గోడను నానబెడుతుంది, ఆ తర్వాత గోడ కూర్చుంటుంది. అందుకని గోడల దగ్గర మిగిలిన డబ్బు కప్పును కిందికి కట్టడానికి, పునాదిని ఎత్తుగా లేపడానికి పెట్టండి. పాత కలప, పాత పెంకు ఎంతైనా వాడుకోవచ్చు గానీ బోల్టు, పట్టీ, స్క్రూ, తీగ మాత్రం ప్రతిదీ కొత్తదై ఉండాలి.

పాత సామానుతో కట్టేటప్పుడు ప్లాను గీయించడం చివరి పని. ద్వారబంధాలు, కిటికీలు, దూలాలు, పెంకులు చేతికొచ్చి, కొలతలన్నీ కాగితం మీదికెక్కాక ముగ్గు పోయాలి. ముందే ప్లాను గీసేసుకుంటే దానికి సరిపోయే పాత కిటికీ దొరకదు, దొరికినదాన్ని కోసి పాడుచేస్తారు. సామాను పెట్టడానికి తోటలో ముందుగా ఓ రేకుల షెడ్డు వేయించండి. కలపను నేలకు అడుగు ఎత్తున ఇటుకల మీద, వరసకీ వరసకీ మధ్య పుల్లలు పెట్టి పేర్చాలి. పెంకులు పడుకోబెట్టకుండా నిలువుగా ఆనించాలి.

కూల్చిన ఇళ్ల ద్వారబంధాలు చాలావాటికి ఎత్తు ఐదున్నర, ఆరు అడుగులే ఉంటుంది. అడుగున ఉన్న కొయ్య గడప ఎలాగూ పుచ్చిపోయి ఉంటుంది. దాన్ని తీయించేసి, బంధం కాళ్లు రెండూ 8 అంగుళాల నల్లరాతి దిమ్మల మీద కూర్చోబెట్టండి. ఎత్తు కలిసొస్తుంది, నేల చెమ్మ కలపకెక్కదు. తలుపు రెక్కకు కింద తగ్గిన 8 అంగుళాలకీ అడ్డపట్టె కలిపితే చూపుకీ బాగుంటుంది.

కలప కొనేటప్పుడు చూడాల్సింది కొసలు. దూలం గోడలో కూర్చున్న తొమ్మిది అంగుళాలూ ముందు పుచ్చుతాయి, మధ్యభాగం ఉక్కులా ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవరు కొసలో గుచ్చితే అర అంగుళం లోపలికి దిగకూడదు. సుత్తితో పొడవునా తట్టుతూ వెళ్తే గట్టి మోత ఒక్కసారిగా బోలు మోతగా మారినచోట లోపల చెద తిన్నట్టు. చిన్న చిన్న రంధ్రాల కింద మైదాలాంటి పొడి తాజాగా రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది, ఆ ముక్క మిగతా కలపతో కలపొద్దు. కొలత లెక్క: వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో వేసి హెచ్చించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. 6 × 4 దూలం 12 అడుగులుంటే 2 ఘనపుటడుగులు. అమ్మేవాళ్లు పుచ్చిన కొసలు, పాత గాడులు కూడా కలిపి కొలుస్తారు, అవి తీసేసి కొలవమనండి. కోతమిల్లుకి పంపేముందు బలమైన అయస్కాంతం తిప్పి మేకులన్నీ లాగించాలి. లోపల మేకు మిగిలితే రంపం బ్లేడు పోతుంది, దాని ఖరీదు మీ బిల్లులో వేస్తారు. టేకు లారీ ఎక్కించేటప్పుడు కూల్చిన ఇంటివాళ్ల దగ్గరో, కొట్టులోనో తీసుకున్న బిల్లు వెంట ఉంచండి. దారిలో అటవీశాఖ వాళ్లు ఆపితే అదే అక్కరకొస్తుంది.

పాత తలుపుల రంగు విషయంలో తేలిగ్గా తీసుకోవద్దు. మనదేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పదిలక్షల పాళ్లలో 90) మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ పొరల్లో సీసం ఉందనే అనుకోవాలి. పొడిగా సాండ్‌పేపరు పట్టిస్తే ఆ ధూళి ఇంట్లోనే మిగిలిపోతుంది. రంగు ఊడదీసే రిమూవరు పూసి, తడిగా గీకించి, గీకినదంతా గోనెలో కట్టించి పారేయించండి. ఆ పని జరిగేచోట పిల్లల్ని తిరగనివ్వొద్దు.

తాటి గురించి. మన ఉత్తరాంధ్రలో తరతరాలుగా ఇళ్లు మోసింది తాడే. అయితే తాటిమానులో బలమంతా బయటి నల్లటి చేవలో ఉంటుంది, మధ్యలోది మెత్తటి పీచు. లేత చెట్టుకి చేవ వేలెడు మందం కూడా ఉండదు. కనీసం యాభై ఏళ్లు దాటిన మాను, అదీ కింది సగం, తీసుకోండి. నిలువునా చీల్చి, లోపలి పొట్టంతా చెక్కించేశాక కనీసం 2 అంగుళాల చేవ మిగలాలి. పొట్ట వదిలేస్తే చెద మొదట అక్కడికే చేరుతుంది. కప్పులోపలి ముక్కలకు 45 లీటర్ల నీళ్లలో 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపి, వేడినీళ్లలో కరిగించి, ఆ తొట్టిలో మూడు నాలుగు రోజులు నాననివ్వండి. ఈ మందు వానకి కడుక్కుపోతుంది కాబట్టి చూరు కొసలకు, అరుగు స్తంభాలకు పనికిరాదు. తాటిచేవకి మేకు దిగదు, వంగుతుంది, లేదా పీచు చీలుతుంది. డ్రిల్లుతో బెజ్జం పెట్టాకే స్క్రూ వేయించాలి.

ఇక మట్టి. ఆ ప్రాంతపు ఎర్రమట్టిలో ఇసుక పాలు ఎక్కువ, అది మనకి మంచిదే. పైన అడుగు, అడుగున్నర మందంలో వేర్లు, ఆకుకుళ్లు ఉంటాయి. ఆ పొరని తోటకే వదిలి కింది మట్టి తీసుకోండి. పారదర్శకంగా ఉండే లీటరు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి రెండు నిమిషాలు గిలకొట్టి కదపకుండా పెట్టండి. మొదటి నిమిషంలో దిగేది ఇసుక, రెండు గంటల్లోపు దిగేది సన్న ఒండ్రు, మర్నాటికి పైన పేరుకునేది బంకమట్టి. స్కేలుతో పొరల మందం కొలిస్తే శాతాలు తెలుస్తాయి. యంత్రంతో నొక్కిన మట్టి ఇటుకకు ఇసుక, గులకలు కలిపి 65–70, ఒండ్రు 15, బంక 15–20 శాతం ఉంటే బాగు. బంక 30 దాటితే ఎండినప్పుడు పగుళ్లిస్తుంది, నది ఇసుక కలపాలి. 10 లోపుంటే అంచులు రాలిపోతాయి, చెరువు మట్టి కలపాలి. ఎండాకాలంలో రెండు వేళ్లు దూరేంత నెర్రెలిచ్చే నేలయితే అది నల్లరేగడి లక్షణం. ఆ మట్టి గోడలకు వద్దు. అలాంటి నేల మీద పునాదికి కూడా ఇంజినీరును పిలవాల్సిందే, కింద చెప్పే లెక్క చెల్లదు.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తెప్పిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అది రక్షిత భూవారసత్వ స్థలం. పైగా అక్కడిది చాలా మటుకు ఇసుకే, ఇటుకకి చాలదు.

పూర్తిగా పచ్చిమట్టి గోడ పెడదామని చాలామందికి ముచ్చట. ఆ గోడ పదిహేను, పద్దెనిమిది అంగుళాల మందంతో, మూడడుగుల చూరు కింద ఉంటే నిలుస్తుంది. కానీ మన దగ్గర మూడడుగుల చూరంటే గాలికి పిడి అందించినట్టే. ఈ పేచీ తీరాలంటే 7 శాతం సిమెంటు కలిపి నొక్కిన ఇటుకే దారి. చూరు రెండడుగులకు కుదించినా అది వానకి కరగదు.

లెక్క చూడండి. బయటి గోడ చుట్టూ 100 అడుగులు, లోపలి గోడలు 30 అడుగులు, ఎత్తు 9 అడుగులు. గుమ్మాలు, కిటికీలు పోను దాదాపు 90 చదరపు మీటర్ల గోడ. 230 × 190 × 100 మి.మీ. ఇటుకలు చదరపు మీటరుకు 38 పడతాయి. 3,420 వస్తాయి, విరిగేవి కలుపుకుని 3,650 తీయించండి. ఒక్కోటి 8 కిలోలు, అంటే 29 టన్నుల మట్టి, తవ్విపోశాక 22 ఘనమీటర్ల కుప్ప. మీరెలాగూ తవ్వించే నీటి గుంట, సెప్టిక్ ట్యాంకు గోతుల్లోంచే ఇది చాలావరకు వస్తుంది. సిమెంటు బస్తాకు 90 ఇటుకలు, మొత్తం 40 బస్తాలు.

మట్టి తడి సరిగ్గా ఉందో లేదో చేత్తోనే తేలుతుంది. గుప్పెడు పిసికి ఉండ చేసి నడుమెత్తు నుంచి వదిలితే నాలుగైదు ముక్కలవ్వాలి. చప్పగా అతుక్కుంటే నీళ్లెక్కువ, పొడైపోతే తక్కువ. సిమెంటు కలిపిన మట్టి గంటలోపు నొక్కేయాలి. మధ్యాహ్నం భోజనానికి ముందు కలిపి, తిరిగొచ్చాక నొక్కిన ఇటుకే తర్వాత చేతిలో విరిగేది. చేతి యంత్రంతో ఆరుగురు మనుషులు రోజుకి 400 దాకా తీస్తారు. తీసిన ఇటుకను నీడలో, టార్పాలిన్ కప్పి, 28 రోజులు తడి ఆరకుండా చూడాలి. పని ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. వారం తడిపి, ఎండలో పెట్టి, గోడ లేపేస్తారు. ఇరవైనాలుగు గంటలు నీళ్లలో ఉంచి తీసిన ఇటుక అంచు గోటితో గీకితే రాలకూడదు, బరువు 18 శాతానికి మించి పెరగకూడదు. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో ఐదారు ఇటుకలు పరీక్ష చేయిస్తే, నానిన ఇటుక బలం 3.5 మెగాపాస్కల్ వచ్చినా ఒక్క అంతస్తుకి చాలు.

కూల్చిన ఇంటి పాత ఎర్ర ఇటుకలు దొరికితే సున్నంతో కట్టిన ఇళ్లవే తీసుకోండి. సున్నం గీకితే వచ్చేస్తుంది, సిమెంటు మాత్రం ఇటుకను పెచ్చుతో సహా ఊడదీస్తుంది. ఒక్కో ఇంటి ఇటుక ఒక్కో కొలతలో ఉంటుంది కాబట్టి ఒక కుప్ప ఒకే గోడకి వాడాలి. ఇటుక ఆదా అవుతుందని లారీ బేకర్ పద్ధతి ర్యాట్‌ట్రాప్ కట్టుడు కొందరు చెబుతారు. ఆ కట్టుడుకి ఇటుకను పక్కకి నిలబెట్టాలి, కొలతల్లో తేడాలున్న పాత ఇటుకతో వరస కుదరదు. పాతవి అరుగు అంచులకు, తోట దారికి బాగుంటాయి. స్నానాలగదికి మట్టి ఇటుక అసలొద్దు. సింహాద్రి ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుకలు పరవాడ, అనకాపల్లి వైపు దండిగా దొరుకుతాయి, అవి పెట్టండి.

పునాది. మన కొండల్లో రెండు రకాల రాళ్లుంటాయి. ఎర్రగా, గోధుమరంగులో పొరలుపొరలుగా ఉండే ఖొండలైటు చెక్కడానికి మెత్తన, చూడ్డానికి అందం, కానీ ఉప్పుగాలికి పొట్టు రాలుతుంది. నల్లగా, బిగువుగా ఉండే చార్నొకైటు, క్వారీల్లో అంతా నల్లరాయి అనేది, పునాదికి అదే. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు, దానిపైన అడుగున్నర వెడల్పుతో నేలకు రెండడుగుల ఎత్తు పీఠం. మొత్తం రాయి దాదాపు 1,000 ఘనపుటడుగులు, అంటే 10 యూనిట్లు. పెద్ద రాళ్ల మధ్య సందులు చిన్న చెక్కులతో నింపి, ప్రతి అయిదడుగులకు గోడ మందమంతా పట్టే పొడుగురాయి ఒకటి అడ్డంగా పడాలి. రెండు ముఖాలూ అందంగా కట్టి మధ్యలో మట్టి పోసేసే అలవాటు కొందరికుంది. రోజుకోసారి దగ్గర నిలబడి చూస్తే చాలు.

సిమెంటు స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిపినది అడగండి. ఉప్పు తగిలేచోట లోపలి ఇనుముని మామూలు సిమెంటు కన్నా బాగా కాపాడుతుంది. గట్టిపడటం నెమ్మది, అందుకని సెంట్రింగు రెండు మూడు రోజులు అదనంగా ఉంచాలి. ఇసుక నదిదే కావాలి. భీమిలి వైపు చవగ్గా వచ్చే ఇసుకలో సముద్రపు ఇసుక కలుస్తుంది. నాలుక మీద పెట్టుకుంటే ఉప్పదనం తెలుస్తుంది. బోరునీరు కూడా పరీక్ష చేయించండి, ఇనుము ఉన్న కాంక్రీటుకి లీటరుకి 500 మి.గ్రా. మించిన క్లోరైడు పనికిరాదని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది.

చెద మందు గోడ లేచాక గుర్తొస్తే లాభం లేదు. పీఠం లోపల మట్టి నింపి దిమ్మిస చేశాక, నేల కాంక్రీటు పోసే ముందు, క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపి చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున పోయాలి. మీ ఇంటికి 280 లీటర్ల ద్రావణం, అంటే 14 లీటర్ల మందు. తాగేనీటి బావి పక్కనే ఉంటే ఇది వద్దు.

గోడకి మూడు చోట్ల కాంక్రీటు బెల్టు పడాలి: పీఠం మీద, లింటెల్ (గుమ్మం, కిటికీల తల) దగ్గర, గోడ తల మీద. ఏడున్నర అంగుళాల వెడల్పు, 6 అంగుళాల లోతు, 10 మి.మీ. కడ్డీలు నాలుగు, 8 అంగుళాలకో రింగు. మూలల్లో, ప్రతి గుమ్మానికీ కిటికీకీ రెండు పక్కలా 12 మి.మీ. కడ్డీ ఒకటి పునాది బెల్టు నుంచి పై బెల్టు దాకా నిలువుగా వెళ్లాలి. ఆ చోట ఇటుకలు కోసి నాలుగంగుళాల గుంట వదిలి, మూడు వరసలకోసారి కాంక్రీటు కూరాలి. బెల్టులకు, నిలువు కడ్డీలకు కలిపి ఇనుము అరటన్ను, బెల్టులకే సిమెంటు 27 బస్తాలు. కూల్చిన స్లాబుల్లో తీసిన పాత కడ్డీ చవగ్గా వస్తుంది, వంచి నిటారు చేసిన కడ్డీ అది. దీనికి మాత్రం వద్దు.

కప్పు మీద ఎక్కువసేపు ఆగుదాం. గాలిభారాల ప్రమాణం ఐఎస్ 875లో విశాఖపట్నానికి ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ స్థాయిలోనే వచ్చింది. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. పెంకు బరువు చదరపు మీటరుకు 45 కిలోలు, కలప ఇంకో 20 వేసుకోండి. చూరు అంచుల్లో, మూలల్లో, వెన్ను దగ్గర గాలి పైకి పీల్చే బలం ఈ బరువును దాటిపోతుంది. పెంకు బరువే కప్పుని పట్టుకుంటుందన్న మాట మామూలు ఈదురుగాలికే చెల్లుతుంది.

వాలు నాలుగు వైపులా ఉండాలి. రెండు వైపుల వాలు పెడితే త్రికోణపు గోడలు రెండు గాలికి నిలబడాలి, ముందు పోయేవి అవే. వాలు 30 డిగ్రీలు, అడుగుకి 7 అంగుళాలు. అంతకన్నా తక్కువైతే వాన పెంకు కిందికి ఎగదన్నుతుంది, మరీ నిటారైతే గాలికి అడ్డుగోడవుతుంది. మన తీరపు పాత చుట్టిళ్లు గుండ్రంగా, చూరు నేలకి దిగేట్టు కట్టింది ఈ గాలిని తప్పించుకోవడానికే. మీ దగ్గర చదరపు కిటికీలు, నేరు దూలాలు ఉన్నాయి కాబట్టి ఆ ఆకారం జోలికి పోనక్కర్లేదు. అరుగు కప్పుని మాత్రం ప్రధాన కప్పుకి కొనసాగింపుగా వేయొద్దు. విడిగా, దాని కిందగా వేయండి. ఒకవేళ అరుగు లేచిపోయినా ఇల్లు మిగలాలి. అరుగుకి 30 డిగ్రీల వాలు పెడితే బయటి అంచు తలకి తగులుతుంది. వాలు తగ్గించి, పెంకు కింద రేకు పరిపించడమే ఉపాయం.

పై బెల్టు పోసేటప్పుడే 12 మి.మీ. ఎల్ బోల్టులు నాలుగడుగులకొకటి, కొక్కెం కింది కడ్డీని పట్టేట్టు నిలబెట్టాలి. గోడ మీది పట్టె, 4 × 3 అంగుళాలది, ఆ బోల్టులకి పెద్ద వాషరుతో బిగుస్తుంది. వాసాలు 4 × 2½ అంగుళాలవి, 20 అంగుళాల ఎడంతో. ప్రతి వాసం మీదుగా ఒకటింపావు అంగుళం వెడల్పు, ఒకటిన్నర మి.మీ. మందం జింకు పట్టీ వేసి, రెండు కొసలూ పట్టెకి నాలుగేసి స్క్రూలతో బిగించాలి. వాసాన్ని పట్టెకి ఏటవాలుగా రెండు మేకులు కొట్టి వదిలేయడం మన దగ్గర మామూలు. పైకి లాగే బలానికి ఆ మేకు ఊడి వచ్చేస్తుంది. రీపర్లు (పెంకులు ఆనే సన్నటి అడ్డపట్టెలు) కూడా వాసానికి 3 అంగుళాల స్క్రూతోనే. సముద్రం కనిపించేంత దగ్గరైతే పట్టీలు, స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి పెట్టండి. పద్మనాభం దాకా లోపలికొస్తే వేడి జింకు పూతవి చాలు. పైపైన పూత పూసిన తెల్లటి స్క్రూలు రెండు వానలకే తుప్పెక్కుతాయి.

పెంకుల లెక్క. రెండడుగుల చూరుతో 34 × 24 అడుగులు, వాలు కలిపితే 940 చదరపు అడుగులు, అంటే 87 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 15 చొప్పున 1,310 పెంకులు. పాతవి కాబట్టి 15 శాతం అదనంగా 1,500 కొనండి. వెన్నుకి, నాలుగు మూలవాసాలకి 83 అడుగుల పొడవున కప్పు పెంకులు, 80 దాకా. పెంకు వెనక కంపెనీ ముద్ర ఉంటుంది, దాని ప్రకారం ముందే వేరు చేయండి. వేర్వేరు కంపెనీల పెంకుల గాడులు ఒకదాంట్లో ఒకటి కూర్చోవు. పైకి సరిపోయినట్టే ఉండి, గాలివానకి ఆ సందులోంచే నీళ్లు దిగుతాయి. ఒక్కో వాలుకి ఒక్కో ముద్ర. రీపర్ల దూరం పుస్తకం చూసి పెట్టొద్దు. మీ పెంకులే పది వరసగా పరిచి, ఒకసారి పూర్తిగా దగ్గరికి నెట్టి, ఒకసారి లాగి, రెండు కొలతల సగటుని తొమ్మిదితో భాగించండి. సుమారుగా 12½ అంగుళాలొస్తుంది.

పెంకు గాడిలో నీళ్లు నిలబెట్టి ఆరుగంటలయ్యాక చూస్తే అడుగున చెమ్మ కనిపించొచ్చు, చుక్క రాలకూడదు. పెంకు అడుగున ముక్కులాంటి బుడిపెకి చిన్న బెజ్జం ఉంటుంది, తీగ కట్టడానికే అది. పాతవాటిలో ఈ ముక్కు విరిగినవి చాలా ఉంటాయి. ముక్కు బాగున్నవి ఏరి చూరు వైపు మూడు వరసలకి, వెన్ను పక్క రెండు వరసలకి, మూలలకి కేటాయించి, ప్రతి పెంకునీ రాగితీగతో రీపరుకి కట్టించండి. మధ్యలో మూడోదానికొకటి కట్టినా చాలు. మామూలు బైండింగ్ తీగ మూడేళ్లు కూడా ఉండదు.

కోతుల సంగతి తెలిసిందే. ఆ వైపు కొండలకి ఆనుకుని ఉన్నచోట పెంకు కప్పు వాటికి ఆటస్థలం. తీగ కట్టిన పెంకుని లేపలేవు గానీ గెంతితే పగులుతుంది. వాసాల మీద సన్నటి జింకు రేకు పరిచి, దానిమీద నిలువు పట్టెలు, ఆపైన రీపర్లు, పెంకులు వేస్తే పెంకు పగిలినా ఇంట్లోకి చుక్క రాదు. రేకుకీ పెంకుకీ మధ్య గాలి ఆడటం వల్ల వేడీ తగ్గుతుంది. కింద నుంచి రేకు కనిపించకుండా వెదురు తడిక కొట్టించుకోవచ్చు. ఖర్చు పెరుగుతుంది, అయినా వారానికొకసారి తలుపు తీసే ఇంటికి నేనైతే ఇది తప్పదంటాను. పాత సిమెంటు రేకులు ఊరికే ఇస్తామన్నా తీసుకోవద్దు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోసినా, బెజ్జం పెట్టినా ఆ పీచు గాల్లో కలుస్తుంది.

పాత రైలు స్లీపర్లు కూడా అడిగారు. వాటికి క్రియోసోట్ నూనె పట్టించి ఉంటుంది. తోటలో మెట్లకి సరే, వంటగదిలో బల్లకి, మంచానికి వద్దు.

కిటికీలకి పలక రెక్కలు, లోపల అడ్డగడియ ఉండాలి. గాలి ఒకవైపు కిటికీ పగలగొట్టి లోపలికొస్తే కప్పుని కింది నుంచి తంతుంది, పైన పీల్పు ఎలాగూ ఉంది. తుపాను కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి తిరుగుతుంది కాబట్టి నాలుగు వైపులా ఒకే జాగ్రత్త. కొబ్బరిచెట్లు వాటి ఎత్తుకి తగ్గ దూరంలో లేకపోతే తీసేయండి, సముద్రం వైపు సరుగుడు రెండు వరసలు వేయండి.

గోడ పూతకి సిమెంటు వద్దు. మట్టి ఇటుక లోపలి చెమ్మ బయటికి పోలేక, రెండు మూడు ఏళ్లలో పూత పలకలు పలకలుగా ఊడుతుంది. లోపల ఒక పాలు బంకమట్టికి రెండున్నర పాళ్ల ఇసుక, అంగుళం ముక్కలుగా తరిగిన గడ్డి, పేడ కలిపి వారం, పది రోజులు నానబెట్టి రెండు పూతలు. బయట ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక. సున్నం రాయి తెచ్చి కనీసం వారం నానబెట్టాలి, సగం నానిన గింజ గోడ మీదకెక్కాక పొంగి బొబ్బలు తేలుస్తుంది. పూసిన వెంటనే ఎండ తగిలితే సున్నం పొడైపోతుంది, గోనెపట్టా వేలాడదీసి వారం తడపండి. కరక్కాయ, బెల్లం నీళ్ల పాళ్లు మేస్త్రికొకటి చెబుతారు. బెల్లం మితిమీరితే చీమలు మాత్రం ఖాయం.

నేలకి పాత కడప బండలు బాగుంటాయి. నడిచి నడిచి నున్నబడ్డ ముఖం తడిస్తే జారుతుంది కాబట్టి స్నానాలగదిలో, అరుగు మెట్ల మీద తిరగేసి పరిపించండి.

పనికి కాలం సంక్రాంతి తర్వాతే. జనవరి చివర ఇటుక తీయడం మొదలుపెడితే మార్చిలో గోడలు లేస్తాయి, మృగశిర కార్తె లోపు పెంకు నేయాలి. బయటి సున్నప్పూత వానల్లో పెట్టుకోకుండా డిసెంబరు తర్వాతికి వదిలేయండి. ఆ తర్వాత ఏటా మే నెలలో పెంకులు సర్దించడం, సెప్టెంబరులో బోల్టులు బిగించి తీగలు చూడటం, పీఠం చుట్టూ చెద మట్టిదారులు ఉన్నాయేమో చూసి గీకేయడం. అందుకే పీఠానికి ఆనించి మొక్కలు, కట్టెల మోపు పెట్టొద్దు. మూసి ఉండే ఇంటికి చూరు కింద జాలీలు వదలాలి, వాటికి గబ్బిలాలు రాకుండా సన్నటి వల కొట్టించాలి.

అరకు, పాడేరు వైపు ఇలాంటిదే కట్టాలనుకుని ఇది చదివేవారికి ఒక మాట: ఏజెన్సీలో 1/70 చట్టం కింద గిరిజనేతరుల పేర భూమి బదిలీ చెల్లదు. తీరం వెంబడి అయితే పోటురేఖ నుంచి 500 మీటర్ల లోపు సీఆర్‌జడ్ (తీర నియంత్రణ మండలం) నియమాలు చూసుకోవాలి. మీ స్థలానికి పంచాయతీలో, వీఎంఆర్‌డీఏలో (విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థలో) భూవినియోగం ఏమని ఉందో కనుక్కున్నాకే ముగ్గు పోయండి.

మేస్త్రితో చదరపు అడుగు కాంట్రాక్టు కుదుర్చుకోవద్దు. పాత సామాను రేటు చవక, కానీ ఏరడం, గీకడం, సరిచేయడంలో కూలి తినేస్తుంది. కాంట్రాక్టు వాడు ఆ పని ఎగ్గొట్టక తప్పదు. గోడ, పునాది కొలత మీద, కలప, కప్పు రోజు కూలి మీద ఇవ్వండి. ముందుగా మూడడుగుల నమూనా గోడ కట్టించి, పైపుతో గంటసేపు నీళ్లు కొట్టి, మర్నాడు అంచులు చూడండి.

సీసా పరీక్షలో మీ మట్టి పొరల కొలతలు, బోరునీటి క్లోరైడు, సముద్రం ఎంత దూరమో రాస్తే సిమెంటు శాతం, పట్టీల రకం మీ స్థలానికి తగ్గట్టు చెబుతాను.